పొగ చూడకుండానే పొల్యూషన్ కాగితం

సంపాదకులకు నమస్కారం.

గత నెల నా కారు పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ముగుస్తుంటే హైవే పక్కన ఉన్న ఒక పరీక్షా కేంద్రానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు నంబరు ప్లేటు కనబడేలా ఫొటో తీశాడు, డబ్బులు తీసుకున్నాడు, నాలుగు నిమిషాల్లో కాగితం చేతిలో పెట్టాడు. నా కారు ఇంజిన్ ఆపే ఉంది. పొగ కొలిచే గొట్టం గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూనే ఉంది. అయినా కాగితం మీద నా కారు పొగ ఎంతో ఒక అంకె అచ్చయి ఉంది. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. "మీది బీఎస్ 6 బండి కదా సార్, ఎలాగూ పాసవుతుంది" అన్నాడు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండ్ల పొగకు దేశం పెట్టిన హద్దులు; అంకె పెరిగేకొద్దీ హద్దు కఠినమవుతుంది.

ఆ కాగితం తిరిగి ఇచ్చేసి, సరిగా పరీక్ష చేయమన్నాను. నా వెనుక రెండు ఆటోలు, ఒక వ్యాను ఆగి ఉన్నాయి. వాళ్లు విసుక్కున్నారు. అయినా నేను కదలలేదు. కుర్రవాడు ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కే దాకా ఉంచి, గొట్టాన్ని సైలెన్సర్‌లోకి దూర్చి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదిలాడు. మళ్లీ తొక్కాడు, మళ్లీ వదిలాడు. చివరికి వచ్చిన అంకె వేరు, మొదటి కాగితం మీది అంకె వేరు. నా కారు పాసయింది. కానీ ఆ రోజంతా ఆ మొదటి కాగితమే నా మనసులో మెదిలింది.

నేను కావలి ఆర్టీసీ డిపో గ్యారేజీలో 32 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పొగను చూసి ఇంజిన్ జబ్బు చెప్పడం మా పని. నల్లగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. గాలి అందడం లేదా, డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోందా అన్నది చూడాలి. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతోంది, పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి. తెల్లగా వచ్చి, ఇంజిన్ వేడెక్కినా ఆగకపోతే సిలిండర్‌లోకి నీళ్లు దిగుతున్నాయేమో, హెడ్ గాస్కెట్ విప్పాలి. ఇప్పటి కార్ల పొగ కంటికి కనిపించదు. అందుకే ఆ చూసే పని యంత్రానికి అప్పగించాం. ఆ యంత్రాన్ని మేకుకు తగిలించి కాగితం మీద అంకె వేయడమంటే, థర్మామీటర్ పెట్టకుండానే జ్వరం లేదని రాసివ్వడమే.

పొల్యూషన్ సర్టిఫికెట్ పోలీసులు ఆపినప్పుడు చూపించడానికే అనుకుంటున్నారు చాలామంది. లేకపోతే పదివేల రూపాయల దాకా జరిమానా పడుతుందన్న భయంతోనే తీసుకుంటున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి ఆ జరిమానా పెంచారు. కొత్త బండికి మొదటి ఏడాది సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ తర్వాత బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి. అంటే కారు నడిపే ప్రతి మనిషీ ఏడాదికి ఒక్కసారైనా తన ఇంజిన్ నాడి చూపించుకోవాలని చట్టమే ఏర్పాటు చేసింది. దాన్ని మనం ఫొటో తీసుకుని వచ్చే పనిగా మార్చేశాం.

పెట్రోల్ కారు పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలకుండా బయటికి వచ్చే హైడ్రోకార్బన్లను కొలుస్తారు. బీఎస్ 4 నుంచి ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, మొదటిది 0.3 శాతం, రెండోది 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200) దాటకూడదు. హైడ్రోకార్బన్ల అంకె ఎగబాకిందంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండానే బయటికి పోతోందని ముందుగా అనుమానించాలి. పెట్రోల్‌ను రగిలించే ప్లగ్గుకో, దానికి కరెంటు ఇచ్చే కాయిల్‌కో పని పడిందన్న మాట. ఆ రెండు అంకెలను నిజంగా తీసి చూపిస్తే మా పక్కింటి మాస్టారికి అరవై వేలు మిగిలేవి.

మాస్టారి కారు కొన్ని నెలలుగా ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపు ఇచ్చేది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి మిణుకుమనేది. ఆ మధ్యలోనే ఒక పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది, అన్నీ బాగున్నాయని. తర్వాత కొద్ది రోజులకు బండి నలభై దాటి వేగం అందుకోవడం మానేసింది. నన్ను పిలిచారు. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి, కింద పొగను శుద్ధి చేసే డబ్బాను, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, చేతి కణుపుతో తట్టాను. ఎండిన సొరబుర్రలో గింజలు ఆడినట్టు లోపల గలగలమంది. కోసి చూస్తే తేనెపట్టులా సన్నని గదులతో ఉండాల్సిన పింగాణీ దిమ్మ ఒక పక్క కరిగి ముద్దయింది, మరో పక్క పెంకులుగా విరిగింది. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. వేడెక్కాక ఆ పూతే విషవాయువులను బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా, నైట్రోజన్‌గా మారుస్తుంది. మండని పెట్రోల్ నెలల తరబడి అక్కడికి వెళ్లి అక్కడే మండితే ఆ వేడికి ఏ పింగాణీ నిలుస్తుంది? మొదట్లోనే కాయిల్ మార్చి ఉంటే మూడు వేల లోపు ఖర్చుతో పోయేది. ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే ఆ వారంలో మెకానిక్‌కు చూపించాలి. మిణుకుమంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి, ఆ రోజే చూపించాలి. ఈ తేడా కారు అమ్మేటప్పుడే ప్రతి ఒక్కరికీ చెప్పాలని నేను మాస్టారితో పదిసార్లు అని ఉంటాను.

ఇక నా కారు సంగతి. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

నాది 2021 మోడల్ డీజిల్ కారు. రెండో చేతి బండిగా కొన్నాను. కొన్నాక దాన్ని ఊళ్లోనే తిప్పాను: కూరగాయల మార్కెట్టు, గుడి, ఆసుపత్రి. ఒక్కో ప్రయాణం రెండు మూడు కిలోమీటర్లు. నిరుడు కార్తీక మాసంలో డాష్‌బోర్డు మీద పసుపు రంగు దీపం ఒకటి వెలిగింది. పెట్టెలో చుక్కలు ఉన్నట్టు బొమ్మ. మెకానిక్‌లు డీపీఎఫ్ అంటారు, మసిని పట్టే ఫిల్టర్ అది. నేను బస్సుల కాలం వాణ్ని, ఆ ఫిల్టర్ నా చేతి కింద పెరిగిన వస్తువు కాదు. అందుకని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను.

షెడ్డులో ఉన్న అబ్బాయి స్కానర్ పెట్టి చూసి, "ఫిల్టర్ నిండిపోయింది బాబాయ్. కొత్తది లక్ష దాటుతుంది. పద్దెనిమిది వేలు ఇస్తే కోసి లోపలిది తీసేసి, పైన డబ్బా మళ్లీ వెల్డింగు పెడతాను. కంప్యూటర్‌లో కూడా తీసేస్తాను, దీపం ఇక రాదు" అన్నాడు. పరీక్షలో ఎలా మరి అని అడిగితే నవ్వాడు. షెడ్డు మూల ఒక గోనెసంచి ఉంది. దాని మూతి విప్పి ఒక ఫిల్టర్ తీసి నా చేతికిచ్చాడు. బూడిద రంగు దిమ్మ, చేతికి బరువుగా ఉంది. ఒక వైపు చూస్తే వేలకొద్దీ చదరపు కన్నాలు. ఒకటి తెరిచి, పక్కది మూసి, మళ్లీ ఒకటి తెరిచి. వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోరు సందుల్లో మిగిలింది. ఆ సంచిలో అలాంటివి ఏడు లెక్కపెట్టాను. ఏడు కార్లు ఆ మసిని పట్టుకునే సాధనం లేకుండా మన వీధుల్లో తిరుగుతున్నాయన్న మాట, పైన చెక్కుచెదరని డబ్బాలతో.

2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్ 4 నుంచి నేరుగా బీఎస్ 6కు వెళ్లాం. డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగిన మసి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5 మిల్లీగ్రాములకు తగ్గింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. దీనికోసం శుద్ధి కర్మాగారాల్లో మార్పులు చేశారు, ఆ ఖర్చులో మన వాటా కూడా ఉంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. ఇంత చేసి, ఆ మసి హద్దు కోసమే పెట్టుకున్న ఫిల్టర్‌ను పద్దెనిమిది వేలకు కోయించుకుంటున్నాం. తయారీదారు ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట షెడ్డులో అంటే ఎవరూ వినడం లేదు.

నేను కోయించలేదు. ఇంటికి వచ్చి కారుతో వచ్చిన పుస్తకం తీసి, ఆ దీపం గురించి ఉన్న రెండు పేజీలు భూతద్దం పెట్టుకుని చదివాను. మర్నాడు తెల్లవారుజామున ట్యాంకు సగం నింపించి, టైర్లలో గాలి చూసుకుని నెల్లూరు వైపు హైవే ఎక్కాను. నాలుగో గేరులో, ఇంజిన్ నిమిషానికి రెండు వేల తిరుగుళ్లకు తగ్గకుండా, డెబ్బై ఎనభై మధ్య నిలకడగా పోనిచ్చాను. పది నిమిషాలకు వేడి ఇనుము వాసన సన్నగా వచ్చింది. ఇంజిన్ చప్పుడు కొద్దిగా బొంగురుపోయింది. ఆ సమయంలో కంప్యూటర్ అదనంగా డీజిల్ చల్లి, ఫిల్టర్‌లో వేడిని దాదాపు ఆరువందల డిగ్రీలకు తెచ్చి, పట్టి ఉంచిన మసిని కాల్చేస్తుంది. దగదర్తి దాటాక దీపం ఆరింది. కోవూరులో టీ తాగాలని ఆగబోతే ఫ్యాను ఇంకా హోరుమంటోంది. మరో అయిదు నిమిషాలు నడిపి అప్పుడు ఆపాను. అక్కడ సర్వీసు రోడ్డు మీద వరిగడ్డి ఆరబోసి ఉంది. దాని మీద కారు పెట్టలేదు. మసి కాలుతున్నప్పుడు కింది డబ్బా ఎంత వేడిగా ఉంటుందో తెలిసినవాళ్లు ఎండుగడ్డి మీద ఆగరు. మన ప్రాంతంలో కోతల కాలంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

పద్దెనిమిది వేలు అడిగిన జబ్బు నలభై నిమిషాల ప్రయాణంతో, కాస్త డీజిల్‌తో తగ్గింది. దీపం వెలిగిన మొదటి రోజుల్లో కాబట్టి తగ్గింది. నెలల తరబడి పట్టించుకోకపోతే ఈ దారి కూడా మూసుకుపోతుంది. అప్పుడు మంచి వర్క్‌షాపులో విప్పించి శుభ్రం చేయించాలి. ఊళ్లో మాత్రమే తిరిగే డీజిల్ కారును పదిహేను రోజులకోసారైనా హైవే మీద అరగంట నడపండి. రోజంతా మూడు కిలోమీటర్లే తిరిగేవాళ్లు అసలు డీజిల్ కారు ఎందుకు కొనాలో నాకిప్పుడు అర్థం కావడం లేదు. నేను కొన్నందుకు చింతిస్తున్నాను.

తర్వాత ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూశాను. ఆయిల్ పై గీతను దాటి ఉంది. ఆయిల్ తగ్గితే అందరం భయపడతాం. పెరిగితే ఎవరూ పట్టించుకోరు. మసి కాల్చే పని మొదలయ్యాక మధ్యలో ఇంజిన్ ఆపేస్తూ పోతే, అదనంగా చల్లిన డీజిల్ సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. వేళ్ల మధ్య తీసుకుని రాస్తే పలచగా, డీజిల్ వాసనతో ఉంది. అలాంటి ఆయిల్‌తో బేరింగులు ఎన్నాళ్లు బతుకుతాయి? ఆ రోజే మార్పించాను. అప్పుడే మరో సంగతి బయటపడింది. అంతకుముందు ఆయిల్ మార్చినచోట పాత లారీలకు పోసే చవక ఆయిల్ పోశారు. ఫిల్టర్ ఉన్న డీజిల్ కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ పోయాలి. చాలా కార్ల పుస్తకాల్లో సీ2 అనో సీ3 అనో రాసి ఉంటుంది, డబ్బా మీద కూడా అదే ఉండాలి. మసి అయితే కాలిపోతుంది. ఆయిల్ వదిలే బూడిద కాలదు. ఫిల్టర్ కన్నాల్లోనే పేరుకుంటుంది.

మా నాన్న బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేశారు. నా చిన్నప్పుడు ఆయనకు భోజనం క్యారేజీ తీసుకెళ్లేవాణ్ని. రైలును వదిలి షెడ్డుకు వచ్చిన ఆవిరి ఇంజిన్‌కు ముందున్న గుండ్రని తలుపు తెరిచి, పొగపెట్టెలోని మసిని, బూడిదను పారలతో ఎత్తిపోసేవారు. పొడుగాటి చువ్వలతో గొట్టాలు పొడిచేవారు. అది రోజువారీ పని. గొట్టం మూసుకుపోయిన ఇంజిన్‌లో ఎంత బొగ్గు వేసినా దండగే అనేవారు మా నాన్న. మా డిపోలోనూ అంతే. బస్సు రాత్రి లోపలికి రాగానే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో చూసేవాళ్లం. ఆ అంకె తగ్గితే ఎయిర్ ఫిల్టర్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వెతికేవాళ్లం. పొగ వదిలే బస్సును బయటికి పంపడం మాకు నామోషీగా ఉండేది. మసి తీయడం మెకానిక్ పనిలో సగం. ఫిల్టర్ కోసి పారేయడాన్ని నేను మరమ్మతుగా ఒప్పుకోలేను.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో మన జిల్లాల వాళ్లు పుస్తకంలోని కిలోమీటర్ల లెక్క నమ్ముకోకూడదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు తిరిగే కార్ల ఫిల్టర్లు నేను విప్పి చూశాను. మడతల్లో రాతిపిండి పిడికెడు రాలింది. ఆ దుమ్ము లోపలికి పోతే రింగులు అరిగి, నీలం పొగ మొదలవుతుంది. అటువైపు వాళ్లు పుస్తకం చెప్పిన దూరంలో సగానికే మార్చుకోవాలి. తుమ్మలపెంట వైపు, సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు సైలెన్సర్ అతుకుల దగ్గర తుప్పు చూసుకోవాలి. అక్కడ చిన్న కన్నం పడినా బయటి గాలి లోపలికి చేరుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి పొరబడి, పెట్రోల్ ఎక్కువ పోయమని చెబుతుంది.

ఇంకొకటి. కొన్ని డీజిల్ బండ్లలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి వేరే ట్యాంకులో యూరియా ద్రావణం పోయాలి. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, "ఇంట్లో బస్తా ఉంది, నీళ్లలో కలిపి పోస్తే సరిపోదా?" అని నన్ను అడిగారు. దయచేసి పోయకండి. పొలానికి వాడే యూరియాకు 2015 నుంచి పూర్తిగా వేపనూనె పూత వేస్తున్నారు. బండికి కావాల్సింది ఖనిజాలు లేని శుద్ధజలంలో 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా. బస్తా యూరియా పోస్తే పంపు, నాజిల్ పోతాయి, వెనుకనున్న ఖరీదైన పరికరమూ పోతుంది.

షెడ్డులో పనిచేసే కుర్రవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకు స్కానర్ అమ్మినవారు దీపాలు ఆర్పడం నేర్పారు, దీపం ఎందుకు వెలిగిందో వెతకడం నేర్పలేదు. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఈ ఫిల్టర్‌ను, కన్వర్టర్‌ను విప్పి చూపించాలి. పాడైనవి ఇవ్వడానికి నాలాంటి రిటైరైనవాళ్లు చాలామంది ముందుకు వస్తారు.

రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. ప్రతి పరీక్షా కేంద్రంలో యంత్రం తెర బండి యజమాని వైపు తిప్పి ఉంచేలా చూడండి. ఏ రకం బండికి ఏ అంకె దాటకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి. సైలెన్సర్‌లో గొట్టం పెట్టి ఉన్నట్టు ఫొటోలో కనబడాలన్న నియమం పెట్టి, చెప్పకుండా వచ్చి తనిఖీ చేయండి. ఈ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను, కంటికి అందనంత సన్నని మసిని కొలవదు. అందుకే ఫిల్టర్ లేని కారు కూడా అందులో బయటపడకుండా తప్పించుకోవచ్చు. ట్యాక్సీలకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడైనా కింద డబ్బా మీద కొత్త వెల్డింగు గీత ఉందేమో ఒకసారి వంగి చూడమనండి. రెండో చేతి డీజిల్ కారు కొనేవాళ్లూ డబ్బు చేతులు మారకముందే అలాగే వంగి చూసుకోవాలి. సైలెన్సర్ కొసలో తెల్లగుడ్డ తిప్పి చూడండి. ఫిల్టర్ సరిగా ఉన్న బీఎస్ 6 డీజిల్ కారు అయితే గుడ్డకు పెద్దగా మసి అంటదు. కాటుకలా అంటుకుంటే ఆ బండి వద్దు.

మా ఊళ్లో ఎవరికైనా ఈ దీపాల సంగతిలో సందేహం ఉంటే, ఫిల్టర్ కోయించుకునే ముందు ఆదివారం ఉదయం కారు మా వీధికి తీసుకురండి. డబ్బులేమీ అక్కర్లేదు. కారు పుస్తకం మాత్రం మరవకుండా తెచ్చుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా